చల్లటి బానెట్టు

హేమ్లి కారు కొంటానన్న రోజు చర్లలో అందరికంటే ముందు నవ్వినవాడు బాబూరావు. ఆ చుట్టుపక్కల కిరాయికి దొరికే జీపు ఒక్కటే, అది అతనిది. జీపు ఒక్కటే ఉన్నచోట జీపువాడే దేవుడు. వాడు వస్తానంటే దవాఖానా ఉన్నట్టు, రానంటే లేనట్టు.

హేమ్లి ఎర్రచెలక సబ్ సెంటర్లో నర్సు. సత్తుపల్లి పక్క తండాలో పుట్టింది, ఉద్యోగం అడవిలో పడింది. ఆరు కోయగూడేలకు సూదిమందు, గోలీలు, కాన్పులు అన్నీ ఆమె చేతిమీదే. ఎర్రచెలక నుంచి చర్లకు పది కిలోమీటర్ల మట్టిబాట, మధ్యలో జిల్లేడు వాగు. చర్ల నుంచి భద్రాచలానికి ఇంకో అరవై. వాగు మీద వంతెన కడతామని ఎన్నికకో శంకుస్థాపన రాయి పాతారు. మూడు రాళ్లున్నాయి, వంతెన లేదు. పిల్లలు ఆ రాళ్ల మీద చింతకాయలు కొట్టుకుని తింటారు. ప్రభుత్వం వల్ల ఆ గూడేనికి ఒరిగింది అదే.

పోయిన వానాకాలం, రెండువేల రెండులో, ఎర్రచెలక గూడెంలో సోడి కన్నమ్మకు తొలి కాన్పు కష్టమైంది. బిడ్డ అడ్డం తిరిగింది. హేమ్లి సైకిలు మీద చర్లకు మనిషిని పంపింది. బాబూరావు అన్నం తిని వస్తానన్నాడు. తిన్నాక డీజిల్ పోయించుకోవాలన్నాడు. పోయించుకున్నాక ఆ బాటలో కమానుపట్టీలు విరుగుతాయన్నాడు. చివరికి పొద్దు వాలాక వచ్చాడు. కన్నమ్మ బతికింది. బిడ్డ దారిలోనే పోయింది. బాబూరావు మాత్రం రానూపోనూ కిరాయి తీసుకున్నాడు.

ఇప్పుడు కన్నమ్మకు మళ్లీ నెలలు. శ్రావణంలో కాన్పు. భద్రాచలం డాక్టరమ్మ ఆమె కార్డు మీద ఎర్ర సిరాతో గీత గీసి, ఈసారి ఆపరేషనే, నొప్పులు మొదలైతే ఇంట్లో కూర్చోవద్దని చెప్పింది. కన్నమ్మ ఆ కార్డును రెండు చేతులతో పట్టుకుని హేమ్లి ముఖంలోకి చూసి ఒక్క మాట అడిగింది.

"జీపాయన వస్తడా అక్కా?"

 మరుసటి ఆదివారం హేమ్లి భద్రాచలం వెళ్లి డ్రైవింగ్ స్కూల్లో పేరు రాయించుకుంది.

మూడు నెలలకు లైసెన్సు వచ్చింది. ముందుకు బాగానే నడిపేది. రివర్సు గేరు వేస్తే మాత్రం బండి తన ఇష్టం వచ్చిన వైపు పోయేది, ఆమె ఇష్టం అడిగేది కాదు. ఈ సంగతి తెలిసి బాబూరావు ఒకసారి సబ్ సెంటర్ దాకా వచ్చి మరీ సలహా ఇచ్చాడు. బండి నడుపుడంటే సూది పొడుసుడు గాదు సిస్టరూ అన్నాడు. అంత మోజుంటే తన పాత జీపే కొనుక్కోమన్నాడు, తాను కొత్తది తెచ్చుకుంటాడట. ఆ జీపును నిలబెట్టిన చోటల్లా నేల మీద నల్లగా నూనె మడుగు కడుతుంది. హేమ్లి ఆ మడుగు వైపు చూసి, అన్నా, దానికి ముందు కట్టు కట్టించు అంది.

చిట్టీ పాడితే వచ్చింది లక్షకు కొంచెం తక్కువ. అందులోనే కారు రావాలి, వచ్చింది నడవాలి, ఆగిపోతే అడవిలో తనకు దిక్కు లేదు. హేమ్లి మూడు రోజులు సెలవు పెట్టి ఇంటికి వచ్చింది.

తమ్ముడు సంతోష్ సత్తుపల్లిలో లైన్‌మన్. అక్క కారు కొంటోందని ఇంట్లోవాళ్లకంటే ముందు స్తంభాలకు చెప్పుకున్నాడు. ఖమ్మంలో పాత కార్లు అమ్మే షెడ్డొకటి చూసి పెట్టాడు. ముసలి తండ్రి రూప్లా కూడా బయలుదేరాడు. ఎందుకని అడిగితే సంచి పట్టుకోవడానికి అన్నాడు.

రూప్లా సంగతి కొంచెం చెప్పుకోవాలి. నలభై ఏళ్లు ఎడ్ల బేరం చేసిన మనిషి. బస్తర్ సంతల్లో ఎడ్లను కొని, అడవిలో నడిపించుకుంటూ తెచ్చి కింద డెల్టా రైతులకు అమ్మేవాడు. ట్రాక్టర్లు వచ్చి ఆ బేరాన్ని మింగేశాయి. అప్పటినుంచి ఇంజను ఉన్న దేనిమీదా ఆయనకు సదభిప్రాయం లేదు.

షెడ్డులో ఒక పెద్ద కారు ఉంది. కంపెనీ పేరు మనకనవసరం. కడిగిన పింగాణీ పళ్లెంలా తెల్లగా మెరుస్తోంది. లోపల సోఫాల్లాంటి సీట్లు, పాటల పెట్టె, మీట నొక్కితే దిగే అద్దాలు. సంతోష్ ఆ మీట నొక్కడం మొదలుపెట్టి ఆపలేదు. హేమ్లి కూర్చుంది. కాళ్లు పెడళ్లకు అందీ అందనట్టున్నాయి, బానెట్టు కొస ఎక్కడుందో కనబడలేదు. అయినా మనసు పడింది. అబద్ధమెందుకు, పుట్టి ఇరవై ఏడేళ్లలో అంత మెత్తటి చోట ఆమె ఎప్పుడూ కూర్చోలేదు. అడ్వాన్సు ఇవ్వడానికి పర్సు కూడా తీసింది.

అప్పుడు రూప్లా వెళ్లి బానెట్టు మీద అరచెయ్యి ఆనించాడు. ఎద్దు మూపురం మీద పెట్టినట్టే పెట్టి కాసేపు అలాగే ఉంచాడు.

"ఇది పొద్దుగాల ఎప్పుడు లేసింది?" అని అడిగాడు.

షెడ్డు యజమానికి అర్థం కాలేదు. కారు లేవడమేమిటి, కూర్చోవడమేమిటి? పొద్దున కడగడానికి కాస్త జరిపామని చెప్పాడు. రూప్లా తల ఊపాడు. సంతలో కుంటి ఎద్దును అమ్మేవాడు ఏం చేస్తాడో ఆయనకు తెలుసు. కొనేవాడు వచ్చేలోపే దాన్ని లేపి, ఊరి చుట్టూ నాలుగు తిరుగుళ్లు తిప్పి, కీళ్లు సడలాక తెచ్చి నిలబెడతాడు. బేరమప్పుడు గుర్రంలా నడుస్తుంది. తెల్లారి కొన్నవాడి దొడ్లో పడుకున్నది పడుకున్నట్టే ఉంటుంది. రూప్లా తానూ ఆ పని చేసినవాడే. చెయ్యనివాడికి ఇవన్నీ ఎలా తెలుస్తాయి?

"సల్లబడేదాంక కూసుంటం," అన్నాడు. షెడ్డు నీడలో తువ్వాలు పరిచి కూర్చున్నాడు.

పదిన్నరకు కూర్చున్నారు. యజమాని టీ తెప్పించాడు. పదకొండున్నరకు మళ్లీ తెప్పించాడు. పాటల పెట్టె వినిపిస్తానని తాళం పట్టుకుని వచ్చాడు, రూప్లా వద్దన్నాడు. వేరే పార్టీ వస్తోందన్నాడు, రానియ్యమన్నాడు. సంచిలోంచి జొన్నరొట్టె, ఎర్రకారం తీసి కూతురికీ కొడుక్కీ పెట్టాడు. సంతోష్ సిగ్గుతో రొట్టెను అరచేతిలో దాచుకుని తిన్నాడు. రెండు దాటాక రూప్లా లేచి మళ్లీ చెయ్యి పెట్టి చూసి, ఇప్పుడు తిప్పమన్నాడు.

తాళం తిప్పితే కారు దగ్గింది. రెండోసారి మూలిగింది. నాలుగోసారికి మూలగడం కూడా మానేసింది. పనివాళ్లు ముగ్గురు వచ్చి వెనకనుంచి తోశారు. గేటు దాకా తోస్తే అప్పుడు లేచి, షెడ్డంతా నీలం పొగ నింపింది. యజమాని బ్యాటరీ వీకన్నాడు, కొత్తది వేసిస్తానన్నాడు.

"గది సరే, దీనికి రోగమొస్తే చర్లల మందు దొరుకుతదా?" అని అడిగాడు రూప్లా.

సామాను హైదరాబాదు నుంచి రావాలని యజమాని ఒప్పుకున్నాడు. హేమ్లి పర్సు మూసింది.

బస్సులో సంతోష్ ముఖం మాడ్చుకుని కూర్చున్నాడు. ఎడ్లను చూసినట్టు కారును చూస్తే జన్మలో కొనలేమని లంబాడీలో సణిగాడు. రూప్లా కోప్పడలేదు.

"నిలబడ్డంక అన్ని ఎడ్లూ మంచిగనే కనపడ్తయ్ కొడుకా. లేసేటప్పుడు చూడాలె," అన్నాడు. తర్వాత హేమ్లి వైపు తిరిగాడు. "నీకు పదేండ్లప్పుడు నాగలి మేడి పట్టిచ్చిన, యాదున్నదా? ఏ ఎడ్లను కట్టిన?"

"ముసలెడ్లను, బా," అంది హేమ్లి, తండాలో నాన్నను పిలిచే పిలుపుతో.

"ఎందుకు?"

"వాటికి పని తెలుసు కాబట్టి."

"అవ్. ఇంకొకటి. బురదల కూలబడితే ఎంతమంది పట్టాలె దాన్ని లేపుడానికి? గది ముందే అడుక్కోవాలె. మీ బాట ఎసువంటిదో నీకే తెలుసు."

ఆ ప్రశ్న హేమ్లి చెవిలో దిగబడిపోయింది.

మర్నాడు సంతోషే ఇంకో కబురు తెచ్చాడు. వేంసూరులో పిచ్చయ్య అనే రైతు, ఎప్పుడో కోస్తా నుంచి వచ్చి స్థిరపడినవాడు, మారుతి ఎనిమిది వందల బండి అమ్ముతాడట. కళ్లకు పొరలొచ్చి నడపడం తగ్గించాడు, వారానికోసారి పామాయిల్ తోట దాకా పోయి వస్తాడు. ఫోన్ చేసి వస్తున్నామని చెబుదామన్నాడు సంతోష్. చెప్పావంటే నీ కాళ్లు విరగ్గొడతానన్నాడు రూప్లా.

మూడోరోజు తొలి బస్సు పట్టుకుని వెలుగు వచ్చేసరికి పిచ్చయ్య గుమ్మంలో ఉన్నారు. ఆయన వేపపుల్ల నోట్లో పెట్టుకుని నిలబడి ఉన్నాడు.

"ఎవరండీ మీరు, ఇంత పొద్దున్నే?"

హేమ్లి చెబుతుండగానే రూప్లా ఆయన్ను దాటి కొట్టంలోకి వెళ్లిపోయాడు. అక్కడ కారు ఉంది. ఒకప్పుడు ఎరుపు, ఇప్పుడు ఇటుక రంగు. ఎడమ తలుపు మాత్రం నీలం, వేరే బండి నుంచి తెచ్చి తగిలించింది. బానెట్టు మీద కోడిపెట్ట ముడుచుకుని నిద్రపోతోంది. రూప్లా ఆ కోడి పక్కనే అరచెయ్యి పెట్టాడు.

"సల్లగున్నది," అన్నాడు. మూడు రోజుల్లో మొదటిసారి నవ్వాడు.

హేమ్లి ఎక్కింది. కాళ్లు అందాయి. బండి నాలుగు మూలలూ కూర్చున్నచోటు నుంచే కనబడుతున్నాయి. పిచ్చయ్య కిటికీలో తలపెట్టి, చోక్ లాగి తిప్పమ్మా అన్నాడు. లాగి తిప్పింది. ఒక్క తిప్పుకే బండి లేచింది. కోడి అరుస్తూ ఎగిరి ఆయన భుజం మీద వాలింది.

పిచ్చయ్య వచ్చి బండి జబ్బులన్నీ తానే చెప్పాడు. వైపరు నిదానం. నీలం తలుపు గట్టిగా వెయ్యాలి. అడుగున తుప్పు ఉంది. వానలో తడిస్తే ఒక్కోసారి మొరాయిస్తుంది, అప్పుడు ఈ వైర్లు తుడిస్తే చాలని బానెట్టెత్తి చూపించాడు. సామాను ఏ చిన్న ఊళ్లోనైనా దొరుకుతుంది, ఏ కుర్ర మెకానిక్కైనా విప్పగలడు. రూప్లా అన్నీ విని, కొట్టంలో పనిచేస్తున్న ఇద్దరిని పిలిచి, సంతోష్‌నూ తననూ కలిపి నలుగురయ్యాక వెనక బంపరు కింద చేతులు పెట్టించాడు. ఎత్తారు. వెనక చక్రాలు రెండూ నేల వదిలాయి.

పిచ్చయ్య నోట్లో వేపపుల్ల జారిపోయింది. "కారు కొనేవాడు ఎవడైనా ఎత్తి చూస్తాడటయ్యా?"

"మాకు ఎత్తాల్సిన బాటలే ఉన్నయ్ పెద్దాయనా," అన్నాడు రూప్లా.

తర్వాత బేరం. రూప్లా భుజం మీది తువ్వాలు తీసి పిచ్చయ్య చేతిమీద కప్పాడు. సంతలో ఎడ్ల బేరం అలాగే చేస్తారు. మాట బయటికి రాదు. తువ్వాలు కింద వేళ్లు వేళ్లను పట్టుకుని ధర చెప్పుకుంటాయి, చుట్టూ ఎంతమంది నిలబడ్డా ఎవరికీ తెలియదు. పిచ్చయ్య ముఖం వెలిగిపోయింది. ముప్పై ఏళ్లయిందయ్యా ఇలా బేరమాడి అన్నాడు. ఇద్దరు ముసలివాళ్లు కళ్లు మూసుకుని, కదలకుండా, తువ్వాలు కింద పోట్లాడుకున్నారు. ఒకసారి పిచ్చయ్య చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. ఇంకోసారి రూప్లా లాక్కున్నాడు. సంతోష్ గోళ్లు కొరుక్కున్నాడు. డబ్బు తనది, ధర తనకు తెలియదు, అయినా హేమ్లికి భయం వెయ్యలేదు. తువ్వాలు లేచేసరికి ఇద్దరూ నవ్వుతున్నారు. బండి వచ్చింది, రెండు కొత్త టైర్లకూ ఒక బ్యాటరీకీ సరిపడా మిగిలింది కూడా.

ఆ సాయంత్రానికి హేమ్లి కారును చర్ల చేర్చింది. దారిలో ఏడుసార్లు ఆగింది. ఏడుసార్లూ తప్పు కాలిదే, ఇంజనుది కాదు. హోటలు ముందు బాబూరావు ఉన్నాడు. బండి చుట్టూ తిరిగి చూసి, నీలం తలుపును వేలితో తట్టాడు.

"కారు తెస్తనని సబ్బుపెట్టె తెచ్చినవేంది సిస్టరూ? వాగుల కొట్టుకపోతది."

హోటలంతా నవ్వింది. హేమ్లి రివర్సు గేరు వేసి, బల్లకు తగలకుండా వెనక్కి తీసి వెళ్లింది. నవ్వు సగం అక్కడే ఆగింది.

నెల రోజులు ప్రతి పొద్దునా ఎర్రచెలక నుంచి వాగు దాకా నడిపింది. ఒక పుట్టను గుద్దింది, ఒకరి పొలంలోకి దిగింది. దిగిన ప్రతిసారీ గూడెం పెద్ద ముత్తయ్య పదిమందిని తీసుకొచ్చి, గడ్డిమోపు ఎత్తినట్టు ఎత్తి బాట మీద పెట్టేవాడు. బాగున్నది సిస్టరమ్మా, మేకపిల్ల లెక్కున్నది అనేవాడు.

ఆషాఢం చివర నాలుగు రోజులు వాన విడవలేదు. అయిదోరోజు తెల్లవారుతుంటే కన్నమ్మకు నొప్పులు మొదలయ్యాయి. ఇంకా రెండు వారాలుందనుకున్నది ముందే వచ్చేసింది. హేమ్లి బానెట్టు మీద చెయ్యి పెట్టలేదు, దండం పెట్టలేదు. చోక్ లాగి తిప్పింది. లేచింది. కన్నమ్మను వెనక సీట్లో పడుకోబెట్టి, అత్తను పక్కన కూర్చోబెట్టి బయలుదేరింది. ముత్తయ్య వెనక పది పన్నెండుమంది మగవాళ్లూ ఆడవాళ్లూ, వెదురుబొంగులు, ఒక నులకమంచం పట్టుకుని పరుగెత్తారు. వాళ్లకు తమ బాట సంగతి తెలుసు.

జిల్లేడు వాగు మోకాలు దాటి పారుతోంది. నడివాగులో బాబూరావు జీపు ఇరుసు దాకా ఇసుకలో కూరుకుపోయి ఉంది. ముందురోజు ఎరువు బస్తాలు నింపుకుని దాటబోయాడు. ఇప్పుడు అవతలి గట్టున శంకుస్థాపన రాయి మీద, తడిసిన లుంగీతో కూర్చుని ఉన్నాడు. మూడు రాళ్లలో ఒకటి ఆ రోజు మనిషికి పనికొచ్చింది.

"జీపే పోలే, నీ డబ్బా ఏడ పోతది? వాపస్ తీస్కపో సిస్టరూ," అని అరిచాడు.

హేమ్లి ఇవతలి గట్టున బ్రేకు వేసింది. వెనక కన్నమ్మ పళ్లు బిగబట్టి మూలుగుతోంది. నిరుడు ఇదే గట్టున ఇదే మనిషి మూలుగు ఆమె విన్నది. ఎంతమంది పట్టాలె దాన్ని లేపుడానికి? తండ్రి అడిగిన మాటకు ఇప్పుడు జవాబు కావాలి. తల తిప్పి లెక్కపెట్టింది. తనతో కలిపి పదముగ్గురు.

ముందు కన్నమ్మను మంచం మీద పడుకోబెట్టి నలుగురు తలల మీదుగా దాటించారు. అత్త ఆమె దగ్గర ఉండిపోయింది, నలుగురూ తిరిగొచ్చారు. హేమ్లి ఇంజను ఆపింది. బండి ముందొకటి, వెనకొకటి వెదురుబొంగులు దూర్చి కట్టారు. పదముగ్గురు పట్టారు. ముత్తయ్య కోయలో ఒక కేక వేశాడు. కారు లేచింది. నీళ్లు చక్రాలను నాకుతున్నాయి, అడుగున ఇసుక జారుతోంది, కానీ కారు మనుషుల భుజాల బలం మీద జీపు పక్కనుంచే పోతోంది. సగం దూరంలో ముందువైపు ఒక చెయ్యి జారి బండి ఓరగిల్లింది. హేమ్లి తలెత్తి గట్టువైపు చూసింది.

"బాబూరావన్నా, జర వచ్చి పట్టు. రానూపోనూ కిరాయి ఇస్త."

ఎవరూ నవ్వలేదు. బాబూరావు రాయి మీద నుంచి లేచాడు. లుంగీ ఎగ్గట్టి నీళ్లలోకి దిగి, జారిన చోట భుజం పెట్టాడు. పద్నాలుగుమందయ్యారు. కారు గట్టెక్కింది.

తాళం తిప్పితే లేవలేదు. ఇంకోసారి తిప్పింది. లేవలేదు. బాబూరావు నోరు తెరవబోయాడు, ముత్తయ్య చూపుకు మూశాడు. హేమ్లి దిగి బానెట్టెత్తింది. ఇంజను మీద నీళ్లు చిందాయి. తన నర్సు పెట్టెలోంచి సూదిమందుకు ముందు రుద్దే దూది కట్ట తీసి, పిచ్చయ్య చూపిన వైర్లు ఒక్కొక్కటే విప్పి, పుండును తుడిచినంత జాగ్రత్తగా తుడిచి మళ్లీ పెట్టింది. మూడోసారి తిప్పింది.

లేచింది. గట్టు మీద అందరూ ఒక్కసారే కేక పెట్టారు.

కన్నమ్మనూ అత్తనూ మళ్లీ ఎక్కించుకుని బయలుదేరింది. చర్ల దాటాక పోలీసు క్యాంపు దగ్గర జవాను చెకింగన్నాడు. కన్నమ్మ పెట్టిన అరుపుకు అతనే పరుగెత్తి గేటు ఎత్తాడు. ఆ అరవై కిలోమీటర్లలో ఇంజను ఒక్కసారి కూడా ఆగలేదు, హేమ్లి కాలు ఒక్కసారి కూడా తప్పలేదు. భద్రాచలం దవాఖానా ముందు ఆపితే స్ట్రెచర్ ఎదురొచ్చింది. మధ్యాహ్నం కాకముందే లోపలినుంచి ఏడుపు వినబడింది. ఆడపిల్ల. ఆ ఏడుపు వింటూ కన్నమ్మ అత్త వరండాలో నేలమీద కూలబడి, నిరుటి ఏడుపూ ఈ ఏటి నవ్వూ కలిపి బయటపెట్టింది.

మర్నాడు పొద్దున్నే సత్తుపల్లి నుంచి రూప్లా వచ్చాడు. బిడ్డ దగ్గరికి వెళ్లలేదు. తిన్నగా ఆవరణలో ఉన్న కారు దగ్గరికి వెళ్లి బానెట్టు మీద చెయ్యి పెట్టాడు. హేమ్లిని తిప్పమన్నాడు. ఒక్క తిప్పుకు లేచింది. అప్పుడు, బిడ్డ యాడున్నది అని అడిగాడు.

కుట్లు విప్పాక కన్నమ్మను ఇంటికి తీసుకొచ్చింది హేమ్లి. వాగు తగ్గి ఇప్పుడు చీలమండ దాకానే ఉంది. నీళ్లు తీసేదాకా ట్రాక్టరు రాలేదు కాబట్టి జీపు ఆ రోజే కదులుతోంది. మోకు కట్టి లాగుతున్నారు. బాబూరావు వెనకనుంచి తోస్తూ బురదలో తడిసి ముద్దయ్యాడు. హేమ్లి గేరు మార్చి, కారును మెల్లగా నీళ్లలోకి దించింది.

కన్నమ్మ ఒళ్లో బిడ్డను సర్దుకుని, కిటికీలోంచి ఆ జీపును చూసింది. తర్వాత ముందుకు వంగి హేమ్లి భుజం మీద తట్టింది.

"జీపాయన వస్తడా అక్కా?"

హేమ్లి హారను కొట్టింది. బాబూరావు పక్కకు జరిగి దారిచ్చాడు.